నీళ్లు రాని కళ్లు

చలికాలం అనగానే అందరికీ స్వెటర్లూ రగ్గులూ గుర్తుకొస్తాయేమో, నాకు మాత్రం ఇసుక గుర్తుకొస్తుంది. దీపావళి దాటి పది రోజులు కాగానే ఎవరో నా రెండు కళ్లల్లో చారెడు ఇసుక పోసి, రెప్పలు మూసి, పైనుంచి అరచేత్తో రుద్దినట్టు ఉంటుంది. పొద్దున లేచి కళ్లు తెరవాలంటే భయం. రెప్ప కనుగుడ్డుకు అతుక్కుపోయి ఉంటుంది. తొందరపడి తెరిచానా, తోలు ఊడినంత నొప్పి. అందుకని మంచం మీదే కదలకుండా పడుకుని, రెప్పల మీద వేళ్లు ఆనించి మెల్లగా విడదీసుకుంటాను. ఇది ఎవరికైనా చెబితే "ఓస్, కళ్లు పొడిబారడమేనా" అంటారు. అట్లా అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక్క పూట నా కళ్లు పెట్టుకుని తిరగమనండి, తెలుస్తుంది.

ఇదంతా రాష్ట్రం వచ్చిన కొత్తల్లో మొదలైంది. అప్పుడు మేము నల్లగొండ పక్కన పానగల్‌లో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయనది ఎలక్ట్రికల్ సామాను దుకాణంలో పని. నేను ఒక మండల ఆఫీసులో కంప్యూటర్‌లో భూముల వివరాలు ఎక్కించేదాన్ని. పొద్దున స్కూటీ మీద బయల్దేరితే చెరువు కట్ట దాటేదాకా చల్లగాలి కళ్లల్లోకే కొట్టేది. ఆఫీసుకు పోయాక సాయంత్రం దాకా స్క్రీన్. సర్వే నంబర్లో ఒక్క అంకె తప్పితే ఒకరి భూమి ఇంకొకరి పేరు మీద పడుతుంది. ఆ భయానికి రెప్ప వేయడం కూడా మరిచిపోయేదాన్ని. మధ్యాహ్నానికి అంకెలన్నీ అలుక్కుపోయేవి. కళ్లు ఎర్రగా ఉబ్బేవి.

"ఏంది మేడం, ఇంట్ల లొల్లయిందా? మస్తు ఏడ్సినట్టున్నరు," అనేది పక్క సీటు ఆవిడ, అందరికీ వినపడేటట్టు.

లొల్లి లేదు, పాడూ లేదని చెప్పినా ఆమె నమ్మేది కాదు. ఒకరోజు మా ఆయన టిఫిన్ డబ్బా ఇవ్వడానికి ఆఫీసుకు వస్తే అందరూ ఆయన్ని ఎగాదిగా చూశారు. పెళ్లాన్ని కొట్టేవాడిలా కనిపించాడేమో పాపం. ఆ రోజు నుంచి ఆయన గేటు దగ్గరే డబ్బా ఇచ్చి పోయేవాడు.

మెడికల్ షాపులో అడిగితే ఎరుపు పోవడానికని ఒక చుక్కల మందు ఇచ్చారు. నాలుగు రోజులు కళ్లు తెల్లబడ్డాయి, ఐదోరోజు నుంచి మళ్లీ మంట. ఆ సంగతి ఫోన్‌లో నోరు జారి అమ్మకు చెప్పాను. అమ్మా, బాపూ మోత్కూర్ అవతల ఊళ్లో అన్నయ్య దగ్గర ఉండేవాళ్లు. అవి పత్తి ఏరే రోజులు. అమ్మ కూలికి పోవడం మానుకుని మర్నాడే రెండు బస్సులు మారి వచ్చింది. సంచిలో ఆముదం సీసా, నందివర్ధనం పూలు, మెత్తటి పాత చీర ముక్క.

అమ్మ వచ్చిందంటే ఇల్లు దవాఖాన అయిపోతుంది. పొద్దున ఆముదం, మధ్యాహ్నం పూల నీళ్లు. అవేవీ పని చేయకపోయేసరికి మా గల్లీలో కొత్తగా కాన్పయిన పిల్ల ఇంటికి చిన్న స్టీలు గిన్నె పట్టుకుని పోయింది. ఆ పిల్లతో మాకు పెద్ద పరిచయం కూడా లేదు. నేను సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ మాత్రం గిన్నె అడుగున రెండు చెంచాల పాలతో గెలిచినట్టు తిరిగొచ్చింది.

"గివి కంట్లె ఏస్తె ఎసొంటి మంటయిన పోతది. నీకు చిన్నప్పుడు కండ్ల కలక అయితె గిట్లనే చేసిన. పండుకో," అంది.

పడుకున్నాను. ముప్పై ఏళ్లు దాటిన దాన్ని, ఎవరి పాలో కంట్లో వేయించుకుంటూ పడుకున్నాను. మంట అంతగా ఉండేది మరి. పాలు వేసిన కాసేపటికి అంతా జిగటగా అయింది తప్ప ఏమీ తగ్గలేదు. అప్పుడు అమ్మ కొంగు ఉండగా చుట్టి, నోటి దగ్గర పెట్టుకుని వెచ్చగా ఊది, నా కంటి మీద అదిమింది. మళ్లీ ఊదింది, రెండో కంటి మీద అదిమింది. ఎంతసేపు చేసిందో లెక్కలేదు. ఊది ఊది ఆమెకు ఆయాసం వచ్చింది. నా మొత్తం జబ్బులో నాకు సుఖం తెలిసింది ఆ ఊపిరి తగిలినంతసేపే. ఇన్నేళ్ల తర్వాత, ఇన్ని మందుల తర్వాత కూడా అదే చెబుతాను.

చివరికి కంటి దవాఖానకు పోయాం. డాక్టరమ్మ నా కింది రెప్పల్లో సన్నటి కాగితపు ముక్కలు పెట్టి, కళ్లు మూసుకుని ఐదు నిమిషాలు కూర్చోమంది. కంట్లో నీరు ఊరితే కాగితం తడుస్తుందట. బయటికి తీసి చూస్తే పెట్టిన కాగితాలు పెట్టినట్టే పొడిగా ఉన్నాయి. రక్తపరీక్ష కూడా చేయించారు. కన్నీరు ఊరే గ్రంథుల మీద నా ఒళ్లే పగబట్టి వాటిని ఎండబెడుతోందని చెప్పింది. నోరు ఎండుకుపోవడం, పొద్దున వేళ్లు బిగుసుకుపోవడం కూడా అందువల్లేనట. పూర్తిగా పోయే జబ్బు కాదు. గంటకోసారి చుక్కలు వేసుకోవాలి, చలిగాలి తగలనివ్వకూడదు, పొగ దగ్గరికి పోకూడదు.

అమ్మ అన్నీ విని ఒకటే అడిగింది. "అంటె, ఏడ్సినా నీళ్లు రావా అమ్మా?"

"రావు పెద్దమ్మా. వచ్చినా తెలిసేంత రావు," అంది డాక్టరమ్మ.

బయటికొచ్చి మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ అమ్మ నవ్వింది. "మంచిదే తియ్. నా బిడ్డకు ఇగ ఏడ్సే పనే లేదన్నట్టు." నవ్వుతూనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె కళ్లల్లోంచి నీళ్లు బొటబొటా కారాయి. నేను పక్కన నిలబడి చూస్తున్నాను. నాకూ ఏడుపొచ్చింది. ముక్కు అదిరింది. కళ్లల్లో మాత్రం మంట తప్ప ఏమీ లేదు. తుమ్ము రాబోయి ఆగిపోతే ఎట్లా ఉంటుందో అట్లా, ఒళ్లంతా ఆగిపోయి నిలబడ్డాను.

అమ్మను బస్టాండుకు తీసుకుపోయాను. బస్సు ఎక్కేముందు నా చెయ్యి పట్టుకుని, "గీ ముచ్చట ఎవ్వల్తోని అనకు. మీ వదినెకు సుత చెప్పకు. బాపుకు నేనె చెప్త తియ్, జర ఆగి. లేకుంటె కండ్లు పోయినయని ఊరంత టాంటాం అయితది. రేపు నీ బిడ్డ లగ్గంల సుత గదే ముచ్చట తీస్తరు," అంది.

సరేనన్నాను. మా వైపు రోగం సంగతి ఇట్లాగే దాస్తారు. ఆడపిల్ల ఉన్న ఇంట్లో మరీను. అప్పుడు ఆ మాటలో నాకు తప్పేమీ కనపడలేదు. బాపుకు చెబుతానన్న అమ్మ చెప్పలేదు. తర్వాత చెప్పొచ్చులే అనుకుని ఉంటుంది. రెండు చలికాలాలు గడిచాయి. నేను చుక్కల మందుతో, కళ్లకు అద్దాలతో, ముఖానికి చున్నీ చుట్టుకుని ఎట్లాగో నెట్టుకొచ్చాను.

మూడో చలికాలం, ఒకరోజు పొద్దున్నే స్నానాల నీళ్లు కాగబెడుతూ అమ్మ పొయ్యి దగ్గరే పడిపోయింది. అన్నయ్య ఫోన్ చేసి "అమ్మ లేదే" అన్నాడు.

మా ఆయన, నేను, మా పాప బస్సులో పోతున్నాం. కిటికీ అద్దం సరిగా పడటం లేదు, సందులోంచి చల్లగాలి వస్తోంది. పాప నా ఒడిలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆ పిల్ల కన్నీళ్లకు నా చీర తడిసింది. ఆ తడిని వేళ్లతో తాకి చూశాను. ఆ క్షణంలో నా కన్నబిడ్డ మీద నాకు అసూయ కలిగింది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ అదే నిజం.

మా వైపు చావింట్లో ఏడుపంటే మూలన కూర్చుని కళ్లొత్తుకోవడం కాదు. శోకం పెట్టాలి. పోయిన మనిషి చేసిన కష్టం, పెట్టిన బువ్వ, పడ్డ బాధ అన్నీ రాగం తీసి చెబుతూ, ఒకరి మెడ ఒకరు పట్టుకుని ఏడవాలి. ఆ ఇంటి ఆడబిడ్డ వచ్చేదాకా అందరూ ఎదురుచూస్తారు. ఆమె వాకిట్లో అడుగుపెట్టగానే ఆడవాళ్లంతా లేచి దారి ఇస్తారు. ఎవరు ఎట్లా ఏడ్చారో ఏళ్ల తరబడి చెప్పుకుంటారు. ఫలానా వాళ్ల బిడ్డ ఏడిస్తే పక్క ఊరిదాకా వినబడిందంటే అది ఆ తల్లికి దక్కిన గౌరవం.

నాకూ దారి ఇచ్చారు. పోయి అమ్మ మీద పడ్డాను. ఆమె చెంప మంచులా చల్లగా ఉంది. "అమ్మా" అని అరవబోతే ఎండిపోయిన గొంతులోంచి ఏదో జీర వచ్చింది అంతే. రాగం ఎక్కడిది. మా చిన్నమ్మ, అంటే అమ్మ చెల్లెలు, నా మెడ చుట్టూ చేతులు వేసి, చెంపకు చెంప ఆనించి శోకం మొదలుపెట్టింది. "ఓ అక్కా, నీ బిడ్డొచ్చింది లేవే, బిడ్డొస్తె పత్తి చేన్ల నుంచి ఉరికొస్తుంటివి గదనే" అంటూ ఏడుస్తున్నది కాస్తా ఉన్నట్టుండి ఆగింది. తల వెనక్కి తీసుకుని నా ముఖంలోకి చూసింది. ఆమె చెంప తడి నా చెంపకు అంటింది తప్ప నాది ఆమెకు అంటలేదు. చేతులు తీసేసి పక్కామె మెడ పట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది.

నాలో ఏం జరుగుతున్నదో ఎట్లా చెప్పను. గుండెలో అంత ఏడుపు నిండి ఉంది, బయటికి పోయే దారి లేదు. వాకిట్లో కుండలో నిప్పు, అమ్మ తల దగ్గర ఊదుబత్తీల గుత్తి. ఆ పొగకు కళ్లల్లో నిప్పుకణికలు పెట్టినట్టయింది. పొద్దున్నుంచి మందు వేసుకోలేదు. రెప్ప కదిలిస్తే గీరుకుపోతోంది, ఇక అమ్మ ముఖం కూడా మసకగానే కనపడుతోంది. ఇంకో గంటలో తీసుకుపోతారు. ఆ గంటసేపైనా అమ్మను కళ్లారా చూడాలి కదా.

లేచి స్నానాల తడక వెనక్కి పోయాను. బ్లౌజులోంచి సీసా తీసి, తల పైకెత్తి రెండు కళ్లల్లో చుక్కలు వేసుకున్నాను. రెప్పలు మూసి తెరిచేసరికి ఎదురుగా వదినె, నీళ్ల బిందెతో. నా చేతిలో సీసా, నా చెంపల మీద కారిన మందు, రెండూ చూసింది. "వదినే, గది కాదు," అన్నాను. ఆమె బిందె ఎత్తుకుని వెళ్లిపోయింది.

నేను వాకిట్లోకి వచ్చేసరికి మాట నాకంటే ముందు వచ్చేసింది. "మందు సీస తెచ్చుకున్నదట. పోస్కొని ఏడుస్తాంది." ఎవరన్నారో తెలియదు. గుసగుసగా అన్నా, నాకు వినబడింది. గోడకు ఆనుకుని కూర్చున్న బాపుకు కూడా వినబడి ఉండాలి. ఆయన నా వైపు చూశాడు. నా బుగ్గలు తడిగా ఉన్నాయి. ఆ తడిని తుడుచుకోవాలో వద్దో కూడా నాకు అర్థం కాలేదు. బాపు తల దించుకున్నాడు.

ఊరంతా ఏమన్నా అనుకోనీ. నాకు బాపు ఒక్కడు నమ్మితే చాలనిపించింది. ఆయనతో మాట్లాడదామంటే దినాలయ్యేదాకా చుట్టూ జనమే. రెండో రోజు చిన్నమ్మ దొరికితే జబ్బు సంగతంతా చెప్పాను. కాగితాలు పెట్టి చూసింది, రక్తపరీక్ష, అమ్మ నాతో దవాఖానకు వచ్చింది, అన్నీ.

"నువ్వు జెప్తున్నవు బిడ్డా. మీ అమ్మ నాతోని ప్రతి ముచ్చట చెప్పేది. గిది ఎన్నడు చెప్పలె," అంది చిన్నమ్మ. కోపంగా కూడా అనలేదు.

మా ఆయన చెబితే పెళ్లాన్ని వెనకేసుకొస్తున్నాడంటారు. సాక్ష్యం చెప్పాల్సిన మనిషి బూడిదైపోయింది. దాచమన్నదీ ఆ మనిషే. అమ్మ మీద నాకు అంత కోపం జీవితంలో ఎప్పుడూ రాలేదు. పోయి రెండు రోజులు కూడా కాని తల్లి మీద కోపం పెట్టుకుని తిరిగాను.

మూడో రోజు పిట్టకు పెట్టారు. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, విస్తరిలో వడ్డించి, దహనం చేసిన చోట పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టిందంటే ఆ జీవి తృప్తిగా పోయినట్టు. ముట్టకపోతే దేనికో మనసు కొట్టుకుంటున్నట్టు. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే పోయి, దండం పెట్టి మాట ఇస్తారు. జొన్నరొట్టె, తోటకూర, కోడికూర, చిన్న ముంతలో కల్లు పెట్టాం. కాకులు వచ్చాయి. తుమ్మచెట్టు మీద కూర్చుని అరిచాయి. ఒక్కటీ కిందికి దిగలేదు.

అన్నయ్య పోయి "బాపును మంచిగ చూసుకుంటనే" అన్నాడు. దిగలేదు. వదినె పోయింది, చిన్నమ్మ పోయింది. ఎండ పైకొచ్చింది కానీ గాలి ఇంకా చల్లగానే ఉంది. నా కళ్లు రెండూ సగమే తెరుచుకుంటున్నాయి. అందరూ నా వైపు తిరిగారు.

"నీ మీదనే కడుపు మండుతాంది మా అక్కకు. పోయి మనసార ఏడ్వు బిడ్డా. ఒక్క సుక్క రానియ్," అంది చిన్నమ్మ.

పోయి విస్తరి ముందు కూలబడ్డాను. అమ్మా నీకు తెలుసు కదా, నీకొక్కదానికే తెలుసు కదా అని లోపలే మొత్తుకున్నాను. పిడికిళ్లతో కళ్లు నలుపుకున్నాను. రాలేదు. వంట చేసిన రాళ్ల పొయ్యి పక్కనే ఉంది, తడి కట్టె ఒకటి ఇంకా పొగలు కక్కుతోంది. పాక్కుంటూ దాని దగ్గరికి పోయి, వంగి, రెండు వేళ్లతో రెప్పలు తెరిచి పట్టుకుని పొగలో ముఖం పెట్టాను. పొగకైనా వస్తాయేమోనని. డాక్టరమ్మ వద్దన్నది గుర్తుంది. పోతే కళ్లే పోనీ అనుకున్నాను. ఒక్క చుక్క, నా తల్లి కోసం ఒక్క చుక్క రాలితే చాలు, తర్వాత గుడ్డిదాన్నైనా సరే. మంటకు కేక పెట్టాను. మా ఆయన వచ్చి నా నడుం పట్టుకుని వెనక్కి లాగాడు.

అప్పటికీ రాలేదు. కాకీ దిగలేదు. పొద్దు బాగా ఎక్కాక ఆ విస్తరి తీసుకుపోయి ఆవుకు పెట్టారు. అందరూ స్నానాలు చేసి ఇళ్లకు పోయారు. పోతూ పోతూ నాతో ఎవరూ మాట్లాడలేదు.

దినాలన్నీ అయ్యాక మేము పానగల్ బయల్దేరాం. మా ఆయన పాపను తీసుకుని ముందు నడిచాడు. బాపు నా సంచి అందుకుని బస్సు ఆగే చోటిదాకా వచ్చాడు. మొదటిసారి మేమిద్దరమే ఉన్నాం. "బాపు, నాకు కండ్లల్ల నీళ్లు ఊరవు. అమ్మకు ఎర్కె. నీకు చెప్తనన్నది," అన్నాను. ఇంకా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకెర్కలేదు బిడ్డా. నువ్వు అబద్ధం ఆడవని మాత్రం ఎర్కె," అన్నాడు. సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. బస్సు దూరంగా కనిపించాక నా తల మీద చెయ్యి పెట్టి అన్నాడు: "మంచి దవాఖానల చూపిచ్చుకో. నేను సచ్చెనాటికన్న జర నయం చేసుకో. నువ్వు ఏడ్వకుంట నన్ను కాటికి ఎత్తుకపోతె నాకు మంచిగుండది."

బస్సు వచ్చింది. ఎక్కాను.

దాని తర్వాత ఎన్ని దవాఖానలు తిరిగానో చెప్పను. హైదరాబాద్ పోయాను. ఉన్న కాస్త తడీ జారిపోకుండా కంటి మూలల్లో చిన్న బిరడాలు పెట్టించుకున్నాను. మందులు మార్చారు, మాత్రలు ఇచ్చారు. ప్రతి డాక్టరునూ మంట సంగతి తర్వాత చూడండి, ఏడిస్తే నీళ్లు వస్తాయా చెప్పండని అడిగాను. ఒకాయన వింతగా చూసి, "ఏడవాలని ఎందుకమ్మా అంత పట్టుదల?" అన్నాడు. మంట కాస్త తగ్గింది. నీళ్లు మాత్రం ఇక రావని అందరూ ఒకటే మాట చెప్పారు.

బాపు ఇప్పుడు కర్ర లేకుండా నడవలేడు. చెవులు మందగించాయి. ఫోన్‌లో మాట్లాడాలంటే నేను అరవాలి. చలి మొదలైందంటే చాలు, పొద్దున్నే అన్నయ్యతో ఫోన్ కలిపించుకుంటాడు. తిన్నవా అని అడగడు, పాప ఎట్లుందని అడగడు. మొన్న కూడా అదే.

"కండ్లల్ల నీళ్లొస్తున్నయా బిడ్డా?"

"వస్తున్నయ్ బాపు."

"మంచిగొస్తున్నయా?"

"మంచిగనే వస్తున్నయ్."

"గంతే. ఇగ నాకు ఫికర్ లేదు," అని ఫోన్ అన్నయ్యకు ఇచ్చేశాడు.